పసుపు కుంకుమ పెట్టిన ఫ్లాపీ

మొన్న మా కోడలు ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని కూరగాయల చీటీ చెబుతుంటే, తెరమీద తెలుగు అక్షరాలు వాటంతటవే వచ్చి కూర్చోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల కంగారుపడి ఏమైందత్తయ్యా అని అడిగింది. మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో నేను గవర్నర్‌పేటలో, ఒక లాడ్జి పైఅంతస్తులో ఉన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో, వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ చెప్పేదాన్ని. ఎక్కడో యూరప్‌లో శాస్త్రవేత్తలు తమ కాగితాలు ఒకరికొకరు చూపించుకోవడానికని పుట్టిన భాష అది, పేజీలో ఏది ఎలా కనిపించాలో చెప్పే గుర్తుల్ని ట్యాగులంటారు, మొదట్లో దానికున్నవి అవి గుప్పెడేనట. తర్వాత బొమ్మలొచ్చాయి, టేబుళ్లొచ్చాయి, బ్రౌజర్ల వాళ్లు పోటీలు పడి ఒకరు అక్షరాల్ని మినుకుమినుకుమనిపిస్తే ఇంకొకరు పరుగులు పెట్టించారు, మా పిల్లలేమో పాఠం వదిలేసి ఆ పరుగులు చూస్తూ కూర్చునేవాళ్లు. తెలుగు పేజీ అయితే మరీ తంటా, ఫాంట్ దింపుకోనివాళ్లకు పేజీ నిండా పిచ్చిగీతలే కనిపించేవి.

పెద్దమ్మ, అంటే మా అమ్మకు అక్క, కంకిపాడులో ఉండేది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ వరి ఊడ్పుల్లో ముందు పాట ఎత్తింది ఆవిడే. చదువు రాదు, పాటలన్నీ నోట్లోనే ఉండేవి. వాటిని వెబ్‌లో పెడతానని నేనే ఆశపెట్టాను. ఆదివారాలు బస్సెక్కి ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి, ఏసీ చలికి కొంగు నిండా కప్పుకుని నా పక్కన కూర్చుంటే, నేను పేరా ట్యాగు తెరిచి, ఒక్కో చరణం కొట్టి, ట్యాగు మూసేదాన్ని. ఉత్త మాటలు చెప్పమంటే ఆవిడకు వచ్చేది కాదు, పాడితేనే మాట తగిలేది. అక్కడి కంప్యూటర్లలో ఫైళ్లు వారంవారం చెరిపేసేవాళ్లు గనక అన్నీ ఒక ఫ్లాపీ డిస్కులో దాచాను.

పాటలు పూర్తయ్యాక వెంటనే వెబ్‌లోకి ఎక్కించేస్తే సరిపోయేది. మంచిరోజు చూడవే, విజయదశమినాడు ఎక్కించు అంది పెద్దమ్మ, నేనూ సరేనన్నాను. ఆ పొద్దున ఇన్‌స్టిట్యూట్‌లో ఆయుధపూజ. మానిటర్లకూ కీబోర్డులకూ బొట్లు పెట్టి, నా బుద్ధి గడ్డితిని, ఆ ఫ్లాపీకి కూడా తడి పసుపు రాసి, కుంకుమ పెట్టి, అక్షింతలు వేసి దండం పెట్టాను. దానికుండే రేకు మూత సందులోంచి పసుపునీళ్లు లోపలికి దిగాయి. కంప్యూటర్లో పెడితే కర్రుమని, ఈ డిస్క్‌ను ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది, అంటే అందులో దాచిన పాటలన్నీ పోయినట్టే. డిస్కుల్ని ఎలా చూసుకోవాలో పిల్లలకు పాఠం చెప్పేది నేనేనండీ!

సాయంత్రం పెద్దమ్మ ఎదురింటివాళ్ల ఫోన్ నుంచి, ఏమే, ఎక్కాయా అని అడిగింది. ఎక్కాయి పెద్దమ్మా అన్నాను. నిజం చెబితే తిట్టేదా? అయ్యో, పోతే పోనీలే అని మళ్లీ బస్సెక్కేది. నాకే మొహం చెల్లలేదు. ఈ బ్యాచ్ అవనీ, ఆ పరీక్షలు అవనీ, అప్పుడు చెబుదాం అనుకుంటూ ఉండగానే మాఘమాసంలో ఆవిడ పోయింది. పెద్దకర్మకు వచ్చినవాళ్లంతా, మీ పెద్దమ్మ పాటలు కంప్యూటర్లో ఉన్నాయటగా, ఎంత మంచిపని చేశావమ్మా అని నా చేతులు పట్టుకున్నారు. తలూపాను. అంతకన్నా పాపం ఉంటుందా?

ఇప్పుడు ఊడ్పులకు యంత్రాలొచ్చాయి, పాట ఎత్తేవాళ్లు లేరు. నేను నేర్పిన ట్యాగుల్లో కూడా చాలావాటిని ఆ భాషలోంచి తీసేశారట. తీసేసినవాటితో సహా అవన్నీ నాకు ఈనాటికీ కంఠతా వచ్చు. పెద్దమ్మ పాటలు మాత్రం, ఎంత తన్నుకున్నా, ఒక్కటీ రెండో చరణం దాటి రాదు.