వెనక సీటుకు బెల్టు

మా ఆయన ఆ నీలం బండి కొన్న రోజు అందరూ దాని బానెట్ చూశారు, నేను వెనక సీటు చూశాను. రెండే తలుపుల కారు. మంచమంత బానెట్, స్టార్ట్ చేస్తే పక్కింటి కిటికీలు అదిరే వీ-ఎయిట్ ఇంజన్. మజిల్ కారు అంటారట, అరవైల్లో ఇక్కడి కుర్రకారు ఎగబడి కొన్న రకం. ఇన్నేళ్ళయినా సీట్ల మీద ఒక్క గీత లేదు. నేను లోపలికి వంగి, వెనక సీటు సందుల్లో చెయ్యిపెట్టి వెతికాను. బెల్టు దొరకలేదు. ముందు సీట్లకు మాత్రం నడుం మీదకు చెరొక పట్టీ ఉంది, భుజం మీదకు ఏమీ లేదు.

"వెనక బెల్టులేవండీ?" అన్నాను.

"అప్పట్లో ఉండేవి కావు. ఆ కాలం బండికి లేకపోయినా లా ఒప్పుకుంటుంది."

లా ఒప్పుకుంటే ఎదురొచ్చే లారీ కూడా ఒప్పుకుంటుందన్న ధీమా ఆయనది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏది ఎలా చెడిపోతుందో ముందే ఊహించడానికి నాకు జీతమిస్తారు. ఇంటికొచ్చేటప్పుడు ఆ బుద్ధిని ఆఫీసులో వదిలేసి రమ్మంటే అది వినదు. భయం నాకు పుట్టుకతోనే వచ్చింది, ఉద్యోగం దానికి సాన పట్టింది.

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో మా ఎదురింటి పెద్దాయనది ఆ కారు. వయసులో ఉండగా కొని, అప్పట్నుంచీ గరాజ్‌లో దుప్పటి కప్పి చంటిపిల్లలా చూసుకున్నాడు. ఇల్లు అమ్మి సీనియర్ హోమ్‌కు వెళ్ళిపోతూ, చలికాలమంతా తన వాకిట్లో మంచు ఎత్తిపోసే మా ఆయన్ని పిలిచి దాన్ని అప్పగించాడు. ఒక్కటే షరతు పెట్టాడు. ఏమీ మార్చకూడదు. మా ఆయన ఆ పెద్దాయన చేతిలో చెయ్యి వేసి మాటిచ్చి వచ్చారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన కాలు నేల మీద నిలవలేదు.

బ్రేకుల సంగతి కూడా మా ఆయనే మురిసిపోతూ చెప్పారు. ఈ కాలం కార్లలో బ్రేక్ ఆయిల్ రెండు దారుల్లో పోతుందట, ఇందులో నాలుగు చక్రాలకూ ఒకటే దారి, అంతా ఒరిజినల్.

"అంటే ఒక్కచోట కారితే నాలుగూ పోతాయా?"

"కారదు."

మా ఆఫీసులో ఎవరైనా ఇలాంటి జవాబిస్తే ఆ ప్రోగ్రామ్ ముఖాన కొట్టి వెనక్కి పంపిస్తాను. మొగుణ్ణి పంపలేం కదా.

అవి కాలేజీ పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులు. మా వీధిలో బేస్‌మెంట్ లేని ఇల్లు ఉందేమో గానీ, స్టూడెంట్స్ లేని బేస్‌మెంట్ లేదు. మా కింద ఇద్దరమ్మాయిలు ఉండేవారు. ఒకమ్మాయిది నెల్లూరు, నోరు తెరిస్తే మూతపడదు. ఇంకో అమ్మాయిది జగిత్యాల దగ్గర పల్లె, అడిగినదానికే జవాబు. శనివారాలు ఇద్దరికీ ఊరవతల వేర్‌హౌస్‌లో షిఫ్టు. పొద్దున అంత దూరం బస్సు పోదు. మా మామూలు కారులో నేను మా అబ్బాయిని ఈత క్లాసుకు తీసుకెళ్ళాలి. అందుకని మా ఆయన ఆ పిల్లల్ని నీలం బండిలో దింపుతానన్నారు. బండిని ఊరికే నిలబెడితే పాడవుతుందట. పిల్లలేమో "థాంక్యూ అంకుల్" అన్నారు. ఇంకేమంటారు, ఉండేది మా ఇంట్లో, లిఫ్టేమో ఉచితం.

ఇక్కడ నా భయం ఎలాంటిదో చెప్పాలి. ఆ రోజుల్లో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక రకం మెసేజ్ వస్తుండేది. ఎక్కడో రోడ్డు మీద ఒక స్టూడెంట్ పోయాడనీ, శరీరాన్ని ఇంటికి పంపాలి, తలా ఒక చెయ్యి వెయ్యండనీ. కింద ఒక ఫోటో ఉండేది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఏదో కారుకు ఆనుకుని నవ్వుతూ నిలబడ్డ పిల్లవాడో పిల్లో. కెనడా వచ్చిన కొత్తలో ఇంటికి పంపుకున్న ఫోటో అయి ఉంటుంది. అది చూసిన రోజు నాకు అన్నం సయించేది కాదు.

మా బండికి ఆనుకుని ఫోటో దిగని స్టూడెంట్ ఆ చుట్టుపక్కల లేడు. ఆదివారం వస్తే కాలేజీ పిల్లలు మా వాకిట్లోకి వచ్చి, "అంకుల్, ఒక్క ఫోటో" అనేవారు. మా ఆయన తుడిచి, పాలిష్ పెట్టి, దగ్గరుండి తీసేవారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. చూడబుద్ధయ్యేది కాదు.

శనివారం పొద్దున మావాడు నీళ్ళలో తేలుతుంటే గట్టు మీద నేను మునిగిపోతుండేదాన్ని. "డ్రాప్ చేశా" అని మా ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చేవరకూ ఫోన్ మీంచి కళ్ళు తిప్పేదాన్ని కాదు. ఒకరోజు ఇంటికొచ్చాక గట్టిగానే అడిగాను. ఎటోబికోలో పాత కార్లకు బెల్టులూ డిస్క్ బ్రేకులూ బిగించే షాపుందట కదా, వేయించండి అని.

"ఫ్లోర్‌లో డ్రిల్ పెట్టాలి. ఒక్కసారి చిల్లు పడితే మళ్ళీ ఒరిజినల్ కాదు. పైగా పెద్దాయనకు మాటిచ్చా," అన్నారు.

"చిల్లు పూడదని భయపడుతున్నారు. ప్రాణం పోతే వస్తుందా?"

"ఎందుకట్లా అపశకునం మాటలు. ఆ పిల్లలెంత ఎంజాయ్ చేస్తారో నీకేం తెల్సు."

పాత కార్లవాళ్ళ క్లబ్బొకటి ఆయనకు తోడు. అందులో ఒకాయన తన బండికి బెల్టులు వేయించుకుంటే, మిగతావాళ్ళు దాన్ని "పాపం, బాగుండేది" అని చావు పరామర్శకు వచ్చినట్టు చూశారట. ఆ మాట మా ఆయన వణికిపోతూ చెప్పారు.

వేసవి చివర్లో నెల్లూరమ్మాయి టిఫిన్ డబ్బా ఆ బండిలో మర్చిపోయింది. తీద్దామని వెళ్ళి వెనక సీటు సందులో చెయ్యిపెడితే మెత్తగా ఏదో తగిలింది. లాగితే చున్నీ. రెండు చున్నీలు కలిపి ముడేసి, కొసలు సీటు కింద ఇనప చట్రానికి కట్టి ఉన్నాయి. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అది బెల్టు.

కిందికి వెళ్ళి అడిగాను. నెల్లూరమ్మాయి నవ్వేసింది.

"ఏంలేదాంటీ, బ్రేకేస్తే ముందుకు పోతన్నామని కట్టుకున్నాం. అంకుల్‌కి చెప్పబాకండి, ఫీలవుతారు."

రెండో అమ్మాయి స్టవ్ వైపు తిరిగి నిలబడింది.

మొహమాటానికి పోతే ఏదో అయిందని మా వైపు ఒక మోటు సామెత ఉంది. ఈ పిల్లల మొహమాటం ప్రాణం మీదకొచ్చేలా ఉందని నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. సాయంత్రం మా ఆయన్ని బండి దగ్గరికి తీసుకెళ్ళి ఆ చున్నీలు చూపించాను. ఆయన "పిల్లలు కదా, సరదాకి కట్టుకునుంటారు," అన్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అయితే ఇక్కడి పిల్లి మంచి పిల్లి, తను పిల్లినన్న సంగతే దానికి తెలియదు.

తర్వాతి శనివారం ఈత క్లాసు లేదు. మావాణ్ణి స్నేహితుడింట్లో దింపి, నేనూ వస్తానని బండెక్కాను. పిల్లలిద్దరూ వెనక, నేను ముందు. చిన్న వాన పడుతోంది. రెండు పక్కలా మొక్కజొన్న చేలు. ముందు పోతున్న లారీ వెనక ఎర్రలైట్లు వెలిగాయి. మా ఆయన బ్రేక్ తొక్కారు. బండి ఆగలేదు. ఆ కాలం బ్రేకులు తడిస్తే పట్టవట. మళ్ళీ తొక్కారు, మళ్ళీ తొక్కారు. లారీ వెనక తలుపు మీది తుప్పు మరకలు కూడా నాకు కనిపిస్తున్నాయి. ఆయన స్టీరింగ్ పక్కకు తిప్పేశారు. బండి కంకరలోకి దిగి, ఊగి, గడ్డిలో ఆగింది. నా సీటు వీపు వెనక నుంచి నా మీదకు ముడుచుకుంది. దానికి కొక్కెం కూడా లేదని అప్పుడే తెలిసింది. దాని మీద జగిత్యాల అమ్మాయి పడి ఉంది. చున్నీ ముడి ఊడిపోయింది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

"ఏం కాలేదు. అందరూ ఓకే కదా?" అన్నారు మా ఆయన.

వెనక నుంచి ఆ అమ్మాయి నెమ్మదిగా అంది. "ఆంటీ, మీరు జర దిగుతరా? నేను దిగాలె."

వెనకవాళ్ళకు తలుపుల్లేవు. ముందువాళ్ళు దిగితేనే వాళ్ళు దిగాలి. దిగి, సీటు ముడిచాను. పసుపు సేఫ్టీ వెస్ట్, బరువు బూట్లు, చేతిలో డబ్బా సంచితో ఆ పిల్ల వానలో నిలబడింది.

"అంకుల్, నేను నడిచి పోత."

"ఇంకా చాలా దూరముందమ్మా. వానలో ఎట్లా పోతావు, కూర్చో, మెల్లగా పోతా."

"నాకు భయమైతుంది అంకుల్. ఇయ్యాల కాదు, మొదటి దినం సంది భయమే. మీరు మంచిగ చూస్తున్నరని చెప్పలేకపోయిన." డబ్బా సంచి భుజానికి తగిలించుకుంది. "గ్రూపుల ఫోటోలు వస్తున్నయి కదా. ఈ బండి పక్కన దిగిన నా ఫోటో అట్ల రావొద్దు."

మా ఆయన ఇంజన్ ఆపేశారు. ఆ అమ్మాయి గడ్డి అంచున నడవడం మొదలుపెట్టింది. నేనూ వెనకే నడిచాను. నెల్లూరమ్మాయి కూడా దిగి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని మాతో వచ్చింది. అంత భయంలోనూ ఆ పిల్ల వెనక నడవడం నాకు హాయిగా అనిపించింది.

ఆ వారం మా ఆయన పెద్దాయన దగ్గరికి వెళ్ళారు, నన్నూ తోడు రమ్మన్నారు. పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. మాట తప్పుతున్నానని మా ఆయన తల దించుకుని చెప్పారు.

"వెనక సీట్లో మనుషుల్ని ఎక్కించావా?" అన్నాడు పెద్దాయన, నమ్మలేనట్టు.

"అవును."

"నేనెప్పుడూ ఎక్కించలేదు. నా భార్య ముందు సీట్లో ఎక్కడానికే ఒప్పుకోలేదు. ఎండ రోజున వీధి చివరిదాకా పోయి వచ్చేవాణ్ణి, అంతే. మార్చొద్దన్నది నువ్వూ అలాగే చూసుకుంటావనుకుని." మా ఆయన చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. "చిల్లులు పెట్టించు."

ఎటోబికో షాపులో డ్రిల్ మోగినప్పుడు మా ఆయన బయటికి వెళ్ళి నిలబడ్డారు. నాలుగు సీట్లకూ భుజం మీదుగా వచ్చే బెల్టులు, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ఆయిల్‌కు రెండు దారులు పెట్టారు. ముందు సీట్లకు కొక్కేలు కూడా వేయించారు. తిరుగు ప్రయాణంలో నేను గెలిచినట్టు మొహం పెట్టలేదు, చాలా కష్టపడి.

ఇంటికి రాగానే పిల్లల్ని పిలిచారు. నెల్లూరమ్మాయి ఎక్కి కూర్చుంది. జగిత్యాల అమ్మాయి బయటి నుంచే వంగి, బెల్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. అది బిగుసుకుంది. మళ్ళీ గుంజింది.

"మంచిగుంది అంకుల్. కానీ నేను మధ్యాహ్నం షిఫ్టుకు మార్చుకున్న. ఇగ బస్సుకే పోత."

ఎవరి కోసం ఆ చిల్లులు పెట్టించారో ఆ పిల్లే అలా అంటే మా ఆయన మొహం ఒక్క క్షణం వాడింది. "సరేనమ్మా," అన్నారు.

ఆ శనివారం ఆ అమ్మాయి ఒక్కతే బస్టాప్‌కు నడిచి వెళ్ళింది. నేను ముందుగది కిటికీ దగ్గర కాఫీతో నిలబడ్డాను. బస్సు వచ్చింది, ఎక్కింది, వెళ్ళిపోయింది. ఎన్నో వారాల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. బస్సు వీధి మలుపు తిరిగేదాకా నాకు గుర్తు రాలేదు, దాంట్లో అసలు బెల్టులే ఉండవని.