వెంకటశేషమ్మ నిమ్మచెట్టు

మాటలకు సంత పెడితే మా పక్కింటి హజరత్తయ్య లక్షాధికారి అయ్యేవాడు. శ్రీహరికోట అడవిలో ఫారెస్టు గార్డు ఉద్యోగం. మా ఊరు ముత్తుకూరు వచ్చాడంటే అరుగు మీద కూర్చుని ఒకటే అడవి కబుర్లు. అక్కడ ఒక సీతాకోకచిలుక ఉందట, అరచేతంత ఉంటుందట, నల్లటి రెక్కల మీద నీలం ఒలకబోసినట్టు ఉంటుందట, చెట్ల నీడ వదిలి ఊళ్ళోకి రానే రాదట. చెప్పేవాడికి వినేవాడు లోకువ. "ఆయనకి పెళ్ళాం కన్నా ఆ చిలకే ముద్దుమే," అని ఆయన భార్య వెంకటశేషమ్మక్క నాతో అని నవ్వేది.

పంతొమ్మిది వందల అరవై రెండులో ఆయనకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. దాంతోపాటు మాట కూడా పోయింది. నెల్లూరు ఆసుపత్రిలో చూపించారు, పసరు తాగించారు, కసుమూరు దర్గాకు మోసుకెళ్ళారు. ఏం లాభం లేకపోయింది. పగలంతా పెరట్లో నిమ్మచెట్టు పక్కన నులకమంచం మీద పడి ఉండేవాడు. లేచి నడవకపోయినా సరే, ఆ నోటి వెంట మాట వింటే చాలని అక్క మొక్కని దేవుడు లేడు.

వానలు పడ్డాక ఒక పొద్దున ఆ చిలుక వచ్చింది. అబద్ధం కాదు, నా కళ్ళతో చూశాను. నల్లగా, నీలంగా, నిమ్మచెట్టు చుట్టూ తిరుగుతూ లేతాకుల మీద వాలుతోంది. మంచం మీద నుంచి "వచ్చినాది" అని వినపడింది. అక్క చేతిలో చెంబు జారిపోయింది.

"మాట్లాడినాడుమే! నువ్వుగూడా విన్నావు గదా!"

"విన్నా అక్కా, విన్నా."

ఇక ఆమెకు ఒకటే ఆశ. చిలుక మళ్ళీ వస్తే మొగుడు మళ్ళీ మాట్లాడతాడు. అది వచ్చింది నిమ్మాకు కోసమే కాబట్టి చెట్టు కళకళలాడాలి. కుడితి పోసింది, పేడ వేసింది. ఇంతలో లేతాకులకు పురుగు పట్టింది. చిన్నప్పుడు కాకిరెట్టలా ఉండి, పెరిగాక పచ్చగా మారి, తాకితే ఎర్రటి కొమ్ములు చాచి వాసన కొట్టే పురుగు. అక్క ఊరుకుంటుందా? పొద్దున్నే ఆకు ఆకూ తిప్పి చూసి, ఏరి కోళ్ళకు వేసేది. ఆమె ఏరుతున్నంతసేపూ హజరత్తయ్య ఎడమచేత్తో మంచంపట్టె కొడుతూ గొంతులో గురగురమనేవాడు. ఆకలనుకుని గంజి పోస్తే ఉమ్మేసేవాడు. నీళ్ళు పట్టినా అంతే.

"ఏంది సామీ, ఏం కావాల నీకు? నాకెట్ట తెలిసేది?" అని ఆమె ఏడ్చేది.

నేను నిప్పు కోసం వెళ్ళిన రోజున కొమ్మ చివర ఇంకొక్క పురుగే మిగిలింది, వేలంత లావున. అక్క దాన్ని తీసి విసిరింది, కోడి లటుక్కున అందుకుంది. మంచం మీద మనిషి ఎడమచేత్తో పట్టె పట్టుకుని తలెత్తాడు.

"వద్దు... దాని బిడ్డ."

మాట వచ్చిందని అక్క ముఖం వెలిగిపోయింది. పిచ్చిది, నవ్వింది కూడా.

"ఎవురి బిడ్డ సామీ?"

ఆయన కోడి వైపు చూశాడు, ఆనాడు నీలం చిలుక వాలిన కొమ్మ వైపు చూశాడు. చూస్తుండగానే అక్క నవ్వు ఆగిపోయింది.

"అయ్యో, నువ్వేమన్నా తెలిసి చేసినావా అక్కా!" అన్నాను. ఆమెకు వినపడితే కదా! చెట్టు మీద పడి ఆకులు తిప్పడం మొదలుపెట్టింది. ముళ్ళు గీరుకుని మోచేతుల దాకా నెత్తురు. కింది కొమ్మలు అయ్యాక పీట వేసుకుని పై కొమ్మలు. ఒక్కటీ లేదు. అంత ప్రేమగల మనిషి చేత ఈ పని చేయించిన ఆ దేవుడు ఎదురుపడితే నిలదీద్దామనిపించింది నాకు.

చివరికి వచ్చి మొగుడి కాళ్ళ మీద పడింది. "తిట్టు సామీ. నోరారా తిట్టు. ఒక్క మాట."

ఆయన పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆ తర్వాత బతికిన నాలుగు నెలల్లోనూ రాలేదు.