ఆవిడ ఫైల్లో నా తాళం

నాకు కోపం ఎక్కువ. గోదావరి వైపు నుంచి వచ్చానంటే ఎవరూ నమ్మరు. ఎనిమిదేళ్ళు అమీర్‌పేట కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పి చెప్పి, గొంతు తగ్గించి మాట్లాడడం మర్చిపోయాను.

అక్కడో పద్ధతి ఉంది. బోర్డు మీద ఏది రాస్తే అది నోట్సులోకి ఎక్కాలి. ముందు రాసుకోవాలి, తర్వాత కీబోర్డు మీద కొట్టి చూసుకోవాలి, డౌట్లు ఆఖర్న అడగాలి. ఆఖరయ్యేసరికి తర్వాతి బ్యాచ్ వాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఉంటారు కాబట్టి ఎవరూ అడగరు. నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పాను. దాంతోనే ఎంతోమందికి ఉద్యోగాలొచ్చాయి, కాదనలేను.

ఇప్పుడు పంజాగుట్టలో కళ్ళజోళ్ళ షాపు పైన ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. క్లినిక్‌లలో అపాయింట్‌మెంట్లు రాసుకునే సాఫ్ట్‌వేర్ మాది. ఈ మధ్య మా కోడ్‌లో సగం ఏఐ అసిస్టెంటే రాస్తోంది. దానంతట అది మాటలు చెబుతుంది తప్ప దేన్నీ ముట్టుకోలేదు. ఫైళ్ళు తెరవాలన్నా, డేటాబేస్ చూడాలన్నా మనం టూల్స్ ఇవ్వాలి. ఒక్కో టూల్ వెనక ఒక్కో చిన్న సర్వర్ ఉంటుంది. ఏ సర్వర్ కలపాలి, దానికి ఏ తాళం, అంటే పాస్‌వర్డ్ లాంటి కోడ్, ఇవ్వాలి, ఊరికే చదవనివ్వాలా, మార్చనివ్వాలా అన్నదంతా ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో రాసి పెడతాం. పనిమనిషికి ఏ గది తాళం ఇవ్వాలి, బీరువా తాళం ఇవ్వాలా వద్దా అని ఆలోచించుకోవడం లాంటిదే. ఆ ఫైలు చూసుకునేది నేను. మా వాళ్ళు నా వెనక తాళాల మేడమ్ అనుకుంటారని నాకు తెలుసు, అది నాకు కాస్త గొప్పగానే ఉండేది.

వేసవిలో మా టీమ్‌లో ఒకావిడ చేరింది. నాకంటే రెండేళ్ళు పెద్దది. భర్త పోయాక అమీర్‌పేటలో కోర్సు చేసి, నలభై దాటాక మొదటి ఉద్యోగంలోకి వచ్చింది. ఎర్రమంజిల్‌లో అన్నగారి గవర్నమెంటు క్వార్టర్స్‌లో, కూతురితో కలిసి ఒక్క గదిలో ఉండేది. అమీర్‌పేట సందులో రెండు గదుల పోర్షన్ చూసి పెట్టుకుంది. ఉద్యోగం పర్మనెంట్ అయిన లెటర్ తెస్తేనే ఇస్తానన్నాడు ఇంటాయన. వంటింటి కిటికీలోంచి పొద్దుటెండ పడుతుందని, అమ్మాయి అక్కడ కూర్చుని చదువుకోవచ్చని భోజనాల దగ్గర నాకు రెండుసార్లు చెప్పింది. ఈ గొడవ జరిగిన వారంతోనే ఆవిడ ప్రొబేషన్ ముగియాలి.

ఆ మంగళవారం పొద్దున్నే ఒక పళ్ళ క్లినిక్ నుంచి ఫిర్యాదు వచ్చింది. తేడా ఎక్కడుందో చూద్దామని నా అసిస్టెంట్‌కు నా తాళంతో క్లినిక్‌ల అసలు డేటాబేస్ కలిపాను, మార్చే హక్కుతో సహా. అది ప్రతిదానికీ అనుమతి అడుగుతుంటే చిరాకేసి, అడగొద్దని కూడా పెట్టాను. పనైపోయింది. తీసేయడం మర్చిపోయాను.

మధ్యాహ్నం టీమ్‌లో అందరికీ కొత్త కాన్ఫిగరేషన్ ఫైలు ఎలా రాయాలో చెప్పాలి. నమూనా ఫైలు వెతికే ఓపిక లేక, తెరిచి ఉన్న నా ఫైలునే ప్రొజెక్టర్‌తో గోడ మీద చూపించాను. ఉన్నదున్నట్టు కొట్టండి, ఒక్క అక్షరం మార్చొద్దు అన్నాను, పాత అలవాటు కొద్దీ. మిగతా ముగ్గురూ తలూపి, ఎవరి తాళం వాళ్ళు, ఉత్తుత్తి పేర్లతో ఉండే ప్రాక్టీసు డేటాబేస్ పెట్టేసుకున్నారు. వాళ్ళు నా మాట ఎప్పుడు విన్నారు గనక. ఆవిడ మాత్రం పొడుగాటి నా తాళంతో సహా నోట్‌బుక్‌లో రాసుకుని, చుక్క కూడా పోకుండా కొట్టింది.

బుధవారం ఆవిడ ప్రాక్టీసు అపాయింట్‌మెంట్లన్నీ తుడిచెయ్యమని అసిస్టెంట్‌కు చెప్పింది. అది ఏమీ అడగకుండా పళ్ళ క్లినిక్ అసలు అపాయింట్‌మెంట్లు తుడిచేసింది. కాసేపటికే క్లినిక్ వాళ్ళు ఫోన్ చేశారు. ముందు రోజు కాపీ నుంచి చాలావరకు వెనక్కి తెచ్చాం కానీ ఆ పొద్దున రాసుకున్నవి పోయాయి. ఏ మిషన్ నుంచి జరిగిందని చూస్తే ఆవిడదే.

ఓనరు సార్ మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. ఆయన నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. ప్రాక్టీసుకీ అసలుకీ తేడా తెలియకపోతే ఎలాగండీ అని ఆవిడ మీద గట్టిగానే అరిచాను. నా ఫైల్లో ఏముందో ఆ క్షణాన నాకు నిజంగా గుర్తు లేదు. "నా మిషన్ల నుంచే అయింది సార్. నేనే ఏదో తప్పు చేసిన," అంది ఆవిడ. లెటర్ సంగతి శుక్రవారం చూద్దామన్నారు సార్.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఆవిడ మిషన్ తెరిచి ఫైలు చూశాను. నా తాళం. నా పేరుతోనే ఉంది. వెంటనే దాన్ని తీసేసి ప్రాక్టీసుది పెట్టాను, నా ఫైల్లోనూ అలాగే మార్చాను. ఇది నా డ్యూటీ అనుకున్నాను, అది అబద్ధం కూడా కాదు. మెట్రో ఎక్కకుండా అమీర్‌పేట దాకా నడిచాను. ఇప్పుడే సార్‌కి ఫోన్ చేస్తే ఏమవుతుందని దారంతా లెక్కలు వేసుకున్నాను. ఆవిడ కొత్త మనిషి, ఒక తప్పు క్షమిస్తారేమో. తాళాల మేడమ్‌ని ఎవరు క్షమిస్తారు? రేపు చూద్దాంలే అనుకుని అన్నం తిని పడుకున్నాను. సిగ్గుచేటైన సంగతేమిటంటే, నిద్ర పట్టింది.

మర్నాడు నేను వెళ్ళేసరికే ఆవిడ వచ్చి కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. నన్ను చూసి ఎప్పటిలాగే లేచి నమస్తే మేడమ్ అంది. ఆ నమస్తేతో నా లెక్కలన్నీ పోయాయి. బ్యాగు కూడా దింపకుండా సార్ గదిలోకి వెళ్ళి, ఉన్నదంతా చెప్పాను. ఆయన అరవలేదు. ఇంకా ఎక్కడైనా అసలు డేటాబేస్ కలిపి ఉందా అని అడిగారు, లేదన్నాను. ఇకమీదట నా ఫైలు ఇంకొకరు చదివాకే బయటికి వెళ్ళాలన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది కానీ సరేనన్నాను.

శుక్రవారం ఆవిడకు లెటర్ వచ్చింది. దాన్ని పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చింది. థాంక్స్ చెబుతుందని, పర్వాలేదండీ అనడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

"మేడమ్, సార్ రూంల మీరు అరిచినప్పుడు మీకు తెల్వదు. అది నాకు సమజైంది," అంది, గొంతు పెంచకుండా. "ఆ రాత్రంతా నోట్‌బుక్ ముందలేసుకొని, ఏడ తప్పు కొట్టిన్నో అని వెతుక్కుంట కూసున్న. పొద్దున వచ్చి చూస్తే నా ఫైల్ మార్చి ఉంది. అంటే సాయంత్రమే మీకు తెలిసింది గద. నన్ను కాపాడమని అడుగుతలేను. తప్పు నాది కాదని ఒక్క ఫోన్ చేస్తే, నేను సుత పండుకుంటుంటి."

అవునండీ, చేయాల్సింది అన్నాను. ఆవిడ తలూపి, లెటర్ మడిచి బ్యాగులో పెట్టుకుని, ఇంటాయనకు చూపించడానికి వెళ్ళిపోయింది.