నూనె తలతో ప్రాణహితలోకి

ఈ ఉదయం చారు మీద నూనె బొట్లు తేలుతుంటే నాయనమ్మ గుర్తొచ్చింది. సిరోంచలో మా భూములన్నీ పోయినా ఆమె దొరసాని మాటతీరు మారలేదు. నా తలకు నూనె పెడుతూ, "మనం నూనె లెక్క బిడ్డా. ఎన్ని నీళ్లల్ల పోసినా పైననే ఉంటం," అనేది. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మాను.

ఒక రోజు తలనిండా నూనె పట్టించుకుని ప్రాణహిత నదికి వెళ్లాను. పడవ నడిపేవాళ్ల అమ్మాయి రాజక్క అక్కడ ఈదుతోంది.

"ఈత రాదు గద, దిగకు," అంది.

"నాకు ఈత ఎందుకు? నేను మునుగనే మునుగ!" అని దూకాను.

రాయిలా మునిగాను. రాజక్క నా జుట్టు పట్టుకోబోతే జారిపోయింది. చివరికి చెయ్యి పట్టి ఒడ్డుకు లాగి, "ఏంది చిన్నదొరా, పట్టుకుంటె జారుతవ్, ఇడిస్తె మునుగుతవ్! నిన్నెట్ల చెయ్యాలె?" అని పడీపడీ నవ్వింది. దగ్గుతూ నేనూ నవ్వాను.

మర్నాటి నుంచి ఆమే నాకు ఈత నేర్పింది.

నూనె నీటిలో కలవనిది గొప్పతనంతో కాదని, నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని దానికి చోటివ్వవని కాలేజీలో చదివాను. నాయనమ్మకు మాత్రం చెప్పలేదు. నడుము ఇప్పటికీ నిటారుగానే ఉంచుతాను. వంశగౌరవమని అందరూ అనుకుంటారు. నీళ్లలో తేలాలంటే నడుము వంచకూడదని నేర్పింది రాజక్క.