ఒంటికాలి కొంగ

జహీరాబాద్‌లో బస్సెక్కిన ఒక ముసలాయన నా పక్కన కూర్చొని, సంచిలోంచి చెక్క కొంగను తీసి గరుకు కాగితంతో రుద్దసాగాడు. తెల్లని పొడి ఎండలో మెల్లగా తేలి మా ఇద్దరి ఒళ్లోనూ వాలింది. ఆ కొంగ నాకు తెగ నచ్చింది. దుకాణంలో పెరిగినవాణ్ణి కదా, నచ్చగానే లోపం వెతికాను.

"ఒక్కటే కాలున్నదేంది తాతా? సగం ధరకిస్తవా?"

"ఇంకో కాలు రెక్కకింద దాసుకున్నది సేటూ. నిమ్మలమైన కొంగ గట్లనే నిలవడ్తది. నలభై ఏండ్ల సంది చెక్కుతున్న. మడికాడ కూసోని సూడంది ఉలి ముట్ట. నువ్వెన్నడన్న సూసినవా?"

చూడలేదు. ఆ మాట ఒప్పుకుంటే బేరం పోతుందని, మా దుకాణానికొచ్చేవాళ్లు వాడే పాత విద్య ప్రయోగించాను. అక్కర్లేనట్టు కిటికీవైపు తిరిగాను. అలా తిరిగిన గిరాకీని మా నాయన మూడో అడుగులోపే వెనక్కి పిలిచేవాడు.

ఆయన పిలవలేదు. బయట చెరుకు తోటలు, నీళ్లు నిండిన మడులు ఊగుతూ వెళ్తున్నాయి. ఎదురుచూస్తూనే నా కళ్లు మూతపడ్డాయి.

కోహీర్ చౌరస్తాలో ఆగి ఉన్న బస్సులో కండక్టర్ కేకకు మెలకువ వచ్చింది. పక్క సీటులో చెక్కపొడి మాత్రమే ఉంది. ఆయన అప్పటికే దిగి, మడి గట్టు మీద నిలబడి నీళ్లలోకి చూస్తున్నాడు. "తాతా, నువ్వెంతంటే అంత ఇస్త!" అని అరిచాను. బస్సు కదిలింది.

ఇప్పుడు ఆ దారిలో కిటికీ సీటు కోసం కండక్టర్‌తోనూ బేరమాడతాను. మడిలో కొంగ కనిపిస్తే కాళ్లు చూస్తాను. ఒక్కటే ఉంటుంది. అదీ నన్ను వెనక్కి పిలవదు.