గ్యాస్ ఉన్న కంటితో ఘాటీ ఎక్కాను

ఆ రోజు అరకులో మా స్కూలు గ్రౌండులో బేస్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. నేను ప్లేట్ అంపైర్‌ని. అంటే, బంతి పట్టే క్యాచర్ వెనకాల మాస్కు పెట్టుకుని వంగి నిలబడతాను. విసిరిన బంతి నేల మీదున్న తెల్లటి ప్లేట్ మీదుగా, బ్యాటర్ మోకాలికీ ఛాతీకీ మధ్య ఎత్తులో వెళితే స్ట్రైక్, లేకపోతే బాల్. ఆ మాట చెప్పడమే నా పని.

మా గ్రౌండుది ఎర్రమట్టి. కాసేపటికే ప్లేట్ కనబడకుండా పోతుంది. అప్పుడు ఆట ఆపి, బంతి విసిరే మనిషి వైపు వీపు పెట్టి, వంగి బ్రష్‌తో తుడవాలి. తుడుస్తుంటే ఎడమ కంట్లో దుమ్ము పడింది. ఆ కన్ను మూసుకున్నాను. కుడి కంటితో చూస్తే ప్లేట్ సగమే కనబడింది. కింది సగం ఉండాల్సిన చోట బూడిదరంగు నీడ ఉంది. నీళ్ళతో కళ్ళు కడుక్కున్నాను. నీడ పోలేదు. రెండు కళ్ళూ తెరిస్తే అంతా మామూలుగానే ఉంది. అందుకే అప్పటిదాకా నాకు తెలియలేదు.

ముందునుంచీ సూచనలు లేకపోలేదు. కొన్ని వారాలుగా కుడి కంటి ఓరన మెరుపులు వస్తున్నాయి. దోమల్లాంటి నల్లటి చుక్కలు తేలుతున్నాయి. మా ఆయన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆయనా నాలాగే వ్యాయామోపాధ్యాయుడు. ఇద్దరం కలిసే అంపైరింగ్ చేసేవాళ్ళం. నేను ప్లేట్ దగ్గర, ఆయన పరుగెత్తేవాళ్ళు తాకాల్సిన బేసుల దగ్గర. గుండెపోటుతో పోయారు. ఆ తర్వాత నాకు నిద్ర సరిగ్గా లేదు. మెరుపులకీ చుక్కలకీ ఏడుపూ నిద్రలేమీ కారణం అనుకున్నాను. దుఃఖంలో ఉన్న మనిషి ఒంట్లో వచ్చే ప్రతి మార్పునూ దుఃఖం ఖాతాలోనే వేసేస్తుంది.

ఆ పూట ఒక కోచ్ అప్పటికే రెండుసార్లు నా దగ్గరికి వచ్చాడు.

"ఏటి మేడమ్, కిందొచ్చిన బంతులన్నీ బాల్ ఇచ్చేస్తన్నారు? మా గుంటడు మోకాలి మీదే ఏస్తన్నాడు. కళ్ళజోడు మార్సండి."

బంతి మీద వాదన పెట్టుకోకూడదని అంపైర్లకు మొదట నేర్పుతారు. ప్లేట్ తుడిచి లేచాక మాత్రం మాస్కు తీసి, బేసుల దగ్గరున్న అంపైర్‌ని పిలిచి చేతికిచ్చాను. కోచ్ కంగారు పడ్డాడు.

"నేనన్నందుకా మేడమ్? ఊరికే అన్నాను."

"నువ్వు అన్నందుకు కాదు. నువ్వన్నది నిజమేమోనని కళ్ళు చూపించుకోడానికి వెళ్తున్నాను."

అరకు ఆసుపత్రిలో కళ్ళు పరీక్షించే ఆయన టార్చి వేసి చూసి, "రెటీనాలా ఉంది మేడమ్. ఇక్కడ అవదు. బేగి వైజాగ్ ఎలిపోండి, రేపూ ఎల్లుండీ అనుకోకండి" అన్నాడు. ఆ మధ్యాహ్నమే మా మరిది సోమన్న నన్ను తీసుకుని బయల్దేరాడు. సోమన్న మా ఆయనకు తమ్ముడు. కాఫీ, మిరియాల తోట చూసుకుంటాడు. జీపు నడుపుతాడు. నోరు ఊరుకోదు.

వైజాగ్‌లో చుక్కల మందు వేసి కంటిపాప పెద్దది చేశారు. కంటి లోపలి పొరలు చూసే బి-స్కాన్ తీశారు. డాక్టరు నలభై దాటని మనిషి, మెల్లగా మాట్లాడుతుంది.

"ఇది రెటినల్ డిటాచ్‌మెంట్ అమ్మా. కంటి వెనక పొర పైవైపు చిరిగి ఊడుతోంది. అందుకే మీకు కింద నీడ కనబడుతోంది. మ్యాక్యులా, అంటే నడిమి చూపు ఉండే చోటు, ఇంకా ఊడలేదు, అది మన అదృష్టం. రేపే ఆపరేషన్ చేద్దాం. మీ మైనస్ పవర్ ఎంత?"

చెప్పాను. ఎక్కువే.

"పవర్ ఎక్కువున్నవాళ్ళకి రెటీనా పలచగా ఉంటుంది. దెబ్బలేమైనా తగిలాయా?"

"మాస్కుకి బంతులు తగులుతూనే ఉంటాయండి."

"అదే కారణమని చెప్పలేను, కాదనీ చెప్పలేను" అంది. తెలిసినంతవరకే చెప్పి ఆగింది కాబట్టి ఆమె మీద నాకు నమ్మకం కుదిరింది.

విట్రెక్టమీ, అంటే కంటి లోపలి జిగురు తీసేసే ఆపరేషన్, చేశారు. మత్తు కంటికి మాత్రమే ఇస్తారు, మాటలన్నీ వినబడుతుంటాయి. చిరిగిన చోట లేజర్ పెట్టి, పొర అతుక్కునేలా కంటి లోపల గ్యాస్ బుడగ వదిలారు. దానంతటదే కొన్ని వారాల్లో కరుగుతుందన్నారు. డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరు జాగ్రత్తలన్నీ చెప్పింది. బోర్లా పడుకోవాలి, తల దించుకునే ఉండాలి, కంట్లో నీళ్ళు పడకూడదు.

"ముఖ్యంగా గ్యాస్ పోయేదాకా ఫ్లైట్ ఎక్కకూడదు."

సోమన్న నవ్వాడు. "ఫ్లైటేటి మేడమ్, మా వదిన లిఫ్టే ఎక్కదు. మీ ఆసుపత్రిలో కూడా మెట్లే ఎక్కొచ్చింది."

డాక్టరూ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట అక్కడితో అయిపోయింది.

వైజాగ్‌లో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. తల దించుకుని బతకడం అనుకున్నంత తేలిక కాదు. మెడ పట్టేస్తుంది. మంచం అంచు దాటి తల వేలాడేసి, కింద పీట మీద పుస్తకం పెట్టుకుని ఎడమ కంటితో చదివేదాన్ని. భర్త పోయిన వాళ్ళు రాసిన పుస్తకాలు రెండు తెప్పించుకున్నాను. బాగా రాశారు. నాకు మాత్రం మెడ కింద తువ్వాలు చుట్టి పెట్టుకోవడమే ఎక్కువ ఉపయోగపడింది.

బోర్లా పడుకునే రోజులు అయ్యాయి. డాక్టరు చూసి, "బాగా అతుక్కుంది, ఇక తల ఎత్తి తిరగొచ్చు" అంది. తల ఎత్తితే, గ్లాసులో నీళ్ళు ఊగినట్టు బుడగ అంచు కంట్లో ఊగేది. బుడగ ఇంకా కంట్లో సగానికి పైగానే ఉంది.

అప్పుడే ఊరినుంచి కబురొచ్చింది. మా వైపు ఏడాది దినం పంచాంగం చూసి పెట్టరు. రాగులూ సామలూ ఇంటికొచ్చాక పెద్దలు కూర్చుని ఒక రోజు అనుకుంటారు. మా ఆయన దినం ఫలానా రోజని అనుకున్నారట. భార్య లేకుండా అది జరగదు. నేను వస్తానన్నాను. వాయిదా వేయమని అడగొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

సోమన్న జీపు తెచ్చాడు. శృంగవరపుకోట దాటేదాకా బాగానే ఉన్నాను. ఘాటీ మొదలయ్యాక కుడి కన్ను బరువెక్కింది. టైడా దాటాక కణత లోపలినుంచి ఎవరో బొటనవేలుతో నొక్కుతున్నట్టు నొప్పి. ఆ పైన వాంతి.

సోమన్న జీపు ఆపి నిమ్మకాయ చేతిలో పెట్టాడు. "ఘాటీలో అందరికీ అంతే వదినా. వాసన సూత్తా కూకో, తగ్గిపోద్ది."

నేనూ అదే అనుకున్నాను. ఆ మలుపుల్లో వాంతి చేసుకున్న మనిషిని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ పుట్టినప్పటినుంచీ ఎక్కి దిగుతున్న దారి అది, నాకు ఎప్పుడూ వాంతి అయింది లేదు. ఎడమ కన్ను చేత్తో మూసి చూశాను. కుడి కంటికి సోమన్న చొక్కా కూడా కనబడలేదు. వెలుతురు మసకగా తెలుస్తోంది, అంతే. అనంతగిరిలో సిగ్నల్ దొరికితే ఆసుపత్రికి ఫోన్ చేశాను. డాక్టరుకి ఇచ్చారు.

"ఎక్కడున్నారమ్మా?"

"అనంతగిరిలో ఉన్నామండి. అరకు వెళ్తున్నాం."

"అరకా? ఘాట్ మీదా?" మెల్లగా మాట్లాడే ఆమె గొంతు పెంచింది. "ఇంకొక్క మలుపు కూడా పైకి వెళ్ళకండి. వెంటనే కిందికి దిగి నా దగ్గరికి రండి. ఆలస్యమైతే ఆ చూపు తిరిగి రాదు."

సోమన్నకి చెప్పాను. అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"గంటలో ఊళ్ళో ఉంటాం వదినా. పెద్దలొచ్చి కూకున్నారు. అన్నకి నువ్వే గదా నీళ్ళు పెట్టాల."

నాకూ అదే ఆశ. దినం చూసుకుని దిగిపోతే కాదా అని ఒకసారి అనిపించింది కూడా. అలా అనిపించినంతసేపూ నొప్పి పెరుగుతూనే ఉంది.

"తిప్పు సోమన్నా" అన్నాను.

అతను జీపు తిప్పాడు. ఘాటీ దిగి బొడ్డవర వచ్చేసరికి నొప్పి కొంత దిగింది. పూర్తిగా పోలేదు.

ఆసుపత్రిలో కంటి ప్రెషర్ చూసి, అది తగ్గడానికి డయామాక్స్ మాత్రలు, చుక్కల మందులు ఇచ్చారు. సన్నటి సూదితో కొంత గ్యాస్ తీశారు. ఆ తర్వాత డాక్టరు వివరించింది. పైకి వెళ్ళేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, కంట్లో గ్యాస్ ఉబ్బుతుంది, అది ఆప్టిక్ నెర్వ్‌ని, అంటే చూపుని మెదడుకి చేర్చే నరాన్ని, నొక్కుతుంది. విమానంలో అయ్యేదీ ఇదే.

సోమన్న అన్నాడు: "మా కాడ కొట్లల్లో చిప్స్ పాకెట్లు బూరెల్లాగ ఉబ్బిపోతాయి. కింద కొన్నయ్యే. అదేనా మేడమ్?"

"అచ్చం అదే."

"మరి అది సెప్పుంటే మాకు తెలిసిపోను గదా. ఫ్లైటంటే మాకేటి తెలుస్తాది?"

డాక్టరు తప్పించుకోలేదు. "ఫ్లైట్ గురించే చెప్పాను. మీ ఊరు ఎక్కడని అడగాల్సింది" అంది.

ఆ సాయంత్రం ఊరి పెద్దాయనకి ఫోన్ చేశాను. రాలేకపోయానని చెప్పడానికి మాటలు కూడదీసుకుంటుంటే ఆయనే అన్నాడు: "పోయినోడికేటమ్మా, బస్సు తప్పిపోద్దా? ఆగుతాడు. నువ్వు కన్ను సూసుకో. అయ్యాక సెప్పు, అప్పుడు పెట్టుకుందాం."

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. కంటికి మంచిది కాదని చెల్లెలు తిట్టింది.

బుడగ రోజురోజుకీ చిన్నదై, చివరికి ఒక చుక్కై, అదీ పోయింది. "ఇప్పుడు ఎక్కండి" అని డాక్టరు చెప్పాకే అరకు వెళ్ళాను. దినం ఎండాకాలంలో జరిగింది. అందరూ వచ్చారు. ఆ తర్వాత అదే కంటికి క్యాటరాక్ట్ వచ్చింది. ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి వస్తుందట. అదీ తీయించుకున్నాను. లెన్స్ వేశారు. ఇప్పుడు ఆ కంటితో మనుషుల్ని గుర్తుపడతాను, పెద్ద అక్షరాలు చదువుతాను. నెర్వ్‌కి జరిగిన నష్టం కొంత మిగిలింది. "ఈ కంటికి ఇంతే అమ్మా, ఉన్నదాన్ని కాపాడుకుందాం" అంది డాక్టరు. ప్రెషర్ చుక్కలు రోజూ వేసుకుంటున్నాను.

ప్లేట్ వెనక నిలబడగలనా లేదా అన్నది ఎవరినీ అడగలేదు. ప్రాక్టీసులో మాస్కు పెట్టుకుని నిలబడి, బంతి బంతికీ నా మాట చెప్పి, క్యాచర్ పిల్లని నువ్వేమంటావని అడిగాను. మొదట మొహమాటపడింది. తర్వాత, "మేడమ్, మీరు బంతి నా గ్లవ్‌లో పడ్డాక సూసి సెప్తన్నారు, వత్తన్నప్పుడు సూడట్లేదు" అంది. అది నిజం. చివరి రెండడుగుల్లో బంతి దూరం నాకు అందడం లేదు. ఇకమీదట ప్లేట్ డ్యూటీ వేయొద్దని నేనే చెప్పాను. కొత్త అంపైర్లకి మాత్రం ఒకటి అలవాటు చేశాను: మ్యాచ్‌కి ముందు ఒక్కొక్క కన్నూ విడివిడిగా మూసి ప్లేట్ వైపు చూడాలి. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఒకదాని లోపం రెండోది కప్పేస్తుంది.

ఇప్పుడు బేసుల దగ్గర నిలబడుతున్నాను. అక్కడ పరుగెత్తి వచ్చేవాళ్ళ పాదం బేసు మీద పడటం చూడాలి, బంతి గ్లవ్‌లో పడే చప్పుడు వినాలి. రెంటిలో ఏది ముందో తేల్చుకుని, ఒక ఊపిరి ఆగి, అప్పుడు అవుటో కాదో చేత్తో చూపాలి. నా చూపుకి ఈ పని సరిపోతోంది. మా ఆయన చేసిన పని కదా అని కొందరు అంటారు. ఆయన లేరు, ఆ చోటుకి మనిషి కావాలి, నేను చేయగలను. అంతకన్నా దానికి అర్థం వెతకను.

ఈ ఆపరేషన్ అవసరమైనవాళ్ళు మన కొండల్లో ఇంకా ఉంటారు. పాడేరు, ముంచింగిపుట్టు, మారేడుమిల్లి, ఎక్కడివాళ్ళైనా వైద్యానికి కిందికే దిగాలి. కంట్లో గ్యాస్ వేశామని డాక్టరు చెప్పిన నిమిషమే, వాళ్ళు అడిగినా అడగకపోయినా, మీ ఇల్లు ఎక్కడుందో చెప్పండి. ఊరి పేరు చెప్పి ఊరుకోకండి, ఆ పేరు వాళ్ళకి తెలియకపోవచ్చు. మా ఇల్లు కొండమీద, ఘాటీ ఎక్కి వెళ్ళాలి అని చెప్పండి. ఎప్పుడు ఎక్కొచ్చో వాళ్ళ నోట వినేదాకా కిందే ఉండండి. పైన మీకోసం ఎవరు ఎదురుచూస్తున్నా సరే, వాళ్ళని ఆగమని అడగండి. ఆగుతారు.