నాన్నగారి పెదవులకు నేను పెట్టిన మాటలు

నాన్నగారి మంచం వేయించింది జూబ్లీ హిల్స్ ఇంటి మేడ మీద, ఒకప్పుడు ఆయన సినిమాలు వేయించుకుని చూసిన గదిలో. కింది అంతస్తు అప్పటికే ఒక కాఫీ హోటలుకు అద్దెకిచ్చాం. ఆ గది గోడలకు మెత్తలు కొట్టి ఉంటాయి, చప్పుడు తిరిగి రాదు. తలుపు మూస్తే వెంటిలేటరు ఊపిరి ఒక్కటే వినిపించేది. అదీ గోడను తాకి అక్కడే ఇంకిపోయేది.

ఫిల్మ్‌నగర్‌లో మా డబ్బింగ్ థియేటరు చేతులు మారి చాలా కాలమైంది. కారు ఆ వీధిలోంచి వెళ్తే నేను తల తిప్పను. అయినా రోజూ పదకొండింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని నాన్నగారి ముందు గంటసేపు నిటారుగా కూర్చునేవాణ్ణి. ఆయన ఎదుట వీపు వాల్చడం మా ఇంట్లో లేదు. ఆ గంటా గదిలోకి ఎవరూ రాకూడదని చెప్పి ఉంచాను.

క్యాన్సరు మెదడుదాకా వెళ్లిందనీ ఇక తగ్గదనీ ఆస్పత్రిలో ముందే చెప్పారు. గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి ఇంటికి పంపారు. కళ్లు సగం తెరిచే ఉండేవి, ఎవరినీ చూసేవి కావు.

మూడో వారంలో పెదవులు కదిలాయి.

చప్పుడు లేని పెదవులకు మాట అమర్చడం నేను చిన్నప్పటినుంచి చూసిన పని. థియేటరులో ఒకే ముక్కను తెర మీద మళ్లీ మళ్లీ తిప్పేవారు. పెదవులు మూసుకున్న చోట ‘ప’ గానీ ‘మ’ గానీ పడాలి. నాన్నగారి పక్కన కూర్చుని నేనే ముందు పట్టేసేవాణ్ణి. ఇప్పుడూ పట్టాను. “పంపకు. నన్ను పంపకు.”

చావుకు పంపొద్దంటున్నారని నాకు అర్థమైంది. ఆ మాట మీదే మందులు పెంచమన్నాను. నరం దొరకకపోతే ఇంకోచోట గుచ్చమన్నాను.

నర్సులు ఇద్దరు. రాత్రి ఉండేది గోదావరి వైపు పెద్దావిడ, పగలు షేక్‌పేట అమ్మాయి. ఒకరోజు పొద్దున పని అప్పగించుకుంటూ వరండాలో మాట్లాడుకుంటుంటే విన్నాను.

“ఊపిరున్నంతసేపూ మన పని మనం చెయ్యాలమ్మా,” అంది పెద్దావిడ.

“ఊపిరి ఆయనదా అక్కా, మిషన్‌దా? ఒళ్లు తుడుస్తుంటే తోలు చేతికొస్తది. సార్ సంతకం పెట్టి పోతడు. సూది గుచ్చేది నేనే గద.”

“అన్నీ నీకే పట్టాయే!”

“నువ్వు కుర్చీల కునుకు తీస్తవు. నీకేం తెలుస్తది!”

పెద్దావిడ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మా ఇంటి విషయం జీతానికి వచ్చినవాళ్లు తేలుస్తారా అనుకున్నాను.

ఆ రోజే డాక్టరు ఫోన్ చేశారు. మూత్రపిండాలు ఆగిపోతున్నాయి. ఆస్పత్రికి తెచ్చి డయాలసిస్ చేయాలా, నొప్పి తెలియకుండా మందిస్తూ ఇంట్లోనే ఉంచాలా, సాయంత్రంలోగా చెప్పమన్నారు.

పదకొండింటికి నాన్నగారి దగ్గరికి వెళ్లి, పగటి నర్సును నేనే లోపలికి పిలిచాను.

“అంబులెన్సుకు సిద్ధం చెయ్యి సిస్టర్. ఆయనే అడుగుతున్నారు.”

“ఎవరు సార్?”

“చూడు.”

నాన్నగారి పెదవులు కదులుతున్నాయి. ఆ కదలికకు సరిగ్గా ఆనేట్టు పైకి చెప్పాను. “పంపకు. నన్ను పంపకు.” నా నోట వచ్చిన గొంతు నాన్నగారిది. ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

కాసేపటికి సిరంజి తీసింది. “గొట్టం చుట్టూ గొంతుల చిన్న బెలూన్ ఉంటది సార్. పొద్దుగాల గాలి నింపుత. ఈ యాళ్లకు జర దిగుతది. మిషన్ గాలి పక్కకెల్లి పైకొచ్చి పెదవులను ఊపుతది. మీరు పోయినంక మళ్ల నింపుత. మీరు కూసున్నప్పుడు ఎవ్వరు రావొద్దంటిరి గద. జర మిషన్ దిక్కు చూడుండ్రి.”

చూశాను. గాలి లోపలికి వెళ్లినప్పుడల్లా పెదవులు కదిలాయి. గాలి ఆగినప్పుడు ఆగాయి. అన్ని రోజులూ నేను ముఖాన్నే చూశాను. దాన్ని ఆడిస్తున్న యంత్రం వైపు ఒక్కసారీ చూడలేదు.

ఆమె సిరంజితో గాలి ఎక్కించింది. నాన్నగారి నోరు అలాగే ఆగిపోయింది.

“కొంచెం గాలి తియ్యి. ఒక్కసారి,” అన్నాను. ఎవరినీ ఏదీ అడిగిన మనిషిని కాను.

“తియ్యొద్దు సార్. ఉమ్మి ఊపిరితిత్తులకు పోతది. మీకు డైలాగ్ కావాలె. ఆయనకు దమ్ము ఆడాలె.”

డాక్టరుకు ఫోన్ చేసి ఆస్పత్రి వద్దన్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం మానిటరు మీద గుండె గీత చదునైంది. డాక్టరు వచ్చి చూసేదాకా మిషను ఆపకూడదన్నారు. ఆ అరగంటా గుండె ఆగిన నాన్నగారి ఛాతీ లేస్తూ పడుతూనే ఉంది. పెదవులు మాత్రం కదల్లేదు. బెలూను నిండుగా ఉంది. నేను ఎప్పటిలాగే నిటారుగా కూర్చున్నాను.

“ఏమంటున్నరు సార్?” అంది సిస్టర్, నా నోటివైపు చూస్తూ.

నోరు వేలితో తడిమి చూసుకున్నాను. మిషను గాలి పోసినప్పుడల్లా నా పెదవులు కదులుతున్నాయి.